రాజ్యాంగ పరిషత్తు చర్చల్లో దుర్గాబాయి గారు అసలు ఏం మాట్లాడారు?

ప్రశ్న: గౌతమీతీరం

అందరికీ నమస్కారం. నేను రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి మీద సెమినారు పత్రం రాద్దామని కూర్చుంటే ఒక చిక్కు వచ్చిపడింది. తెలుగులో దొరికిన వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉన్నాయి. 1909లో రాజమండ్రిలో పుట్టడం, 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్టు లేదని నెహ్రూ గారిని ఆపేయడం, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లడం, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించడం వరకు వివరంగా రాస్తారు. ఆ తరువాత ‘రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలిగా 750 సవరణలు ప్రతిపాదించారు’ అన్న ఒక్క వాక్యంతో ఆమె శాసన జీవితాన్నంతా దాటేసి, నేరుగా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు దగ్గరికి వెళ్లిపోతారు.

నాకు కావలసింది ఆ దాటేసిన భాగమే. సభలో ఆమె లేచి ఏయే అంశాల మీద మాట్లాడారు? ఆమె ప్రతిపాదించినవాటిలో నేటి రాజ్యాంగంలో నిలిచి ఉన్న మాటలు ఏవైనా చూపించగలమా? ఆమె కేవలం మహిళల సమస్యల మీదే మాట్లాడారన్న అభిప్రాయం ఎంతవరకు సరైనది? చర్చల సంపుటాలు తిరగేసిన వారు ఎవరైనా దారి చూపితే కృతజ్ఞురాలిని.

జవాబు: పాత గ్రంథాలయం

అమ్మా, ముందుగా వెతకడంలో ఒక మెళకువ చెబుతాను. చర్చల సంపుటాల్లో ‘దేశ్‌ముఖ్’ అని వెతికితే మీకు ఆమె దొరకరు. అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో ఆమె వివాహం జరిగింది 1953 జనవరిలో. అప్పటికి రాజ్యాంగం అమలులోకి వచ్చి మూడేళ్లయింది. సంపుటాల్లో ఆమె పేరు ‘శ్రీమతి జి. దుర్గాబాయి, మద్రాసు, జనరల్’ (అంటే మద్రాసు నుంచి, జనరల్ స్థానం) అని ఉంటుంది. అలా వెతికితే ఒక్కసారిగా పుటలకు పుటలు బయటపడతాయి. మొత్తం 12 సంపుటాలు ఉన్నాయి గాని, మీ పనికి ఏడు, ఎనిమిది, తొమ్మిది సంపుటాలు ముఖ్యం. 1948 నవంబరు నుంచి 1949 సెప్టెంబరు దాకా ముసాయిదాను నిబంధన తరువాత నిబంధనగా చర్చించినది వాటిలోనే.

ఇక ఆ 750 సంగతి. ఈ అంకె అన్ని చోట్లా కనిపిస్తుంది కాబట్టి మీరూ రాయవచ్చు గాని, దాని మీద భవనం కట్టవద్దని నా సలహా. ముసాయిదాకు మొత్తం 7,635 సవరణలకు నోటీసులు వచ్చాయి. వాటిలో సభలో నిజంగా ప్రవేశపెట్టి చర్చకు తెచ్చినవి 2,473. నోటీసు ఇవ్వడం వేరు, సభలో లేచి ‘ప్రతిపాదిస్తున్నాను’ అనడం వేరు. చాలా నోటీసుల కింద ఇద్దరు ముగ్గురు సభ్యుల పేర్లు కలిసి ఉండేవి. అధ్యక్షుడు క్రమసంఖ్య పిలవగానే ‘నేను ప్రవేశపెట్టడం లేదు’ అని కూర్చున్న సభ్యులు ప్రతి రోజూ కనిపిస్తారు. కాబట్టి అంకె ఎంత పెద్దదన్న దానికంటే, ప్రవేశపెట్టినవాటిలో ఏది నెగ్గింది, ఎందుకు నెగ్గింది అన్నది చూస్తే మీ పత్రానికి బలం వస్తుంది.

నా దృష్టిలో ఆమె ప్రత్యేకత అక్కడే ఉంది. ఆమె మహోపన్యాసాలు చేసే రకం కాదు. 1942లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని మద్రాసు హైకోర్టులో వాదించిన మనిషి. కోర్టులో ఒక మాట అటూ ఇటూ అయితే కక్షిదారు ఏమవుతాడో తెలిసినది. అందుకే ఆమె సవరణలు రెండు మూడు పదాల మీద నడుస్తాయి.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ముసాయిదాలోని 19వ అధికరణం, అంటే నేటి 25. మత స్వేచ్ఛను హామీ ఇస్తూనే, హిందూ ధార్మిక సంస్థల ప్రవేశం విషయంలో చట్టం చేసే అధికారాన్ని రాజ్యానికి మిగిల్చిన అధికరణం అది. ముసాయిదాలో ఆ సంస్థల తలుపులు హిందువులలో ‘ఏ తరగతికైనా, వర్గానికైనా’ తెరవవచ్చునని ఉంది. 1948 డిసెంబరులో ఇది చర్చకు వచ్చినప్పుడు దుర్గాబాయి గారు లేచి, ఆ చోట ‘అన్ని తరగతులకు, వర్గాలకు’ అని ఉండాలని సవరణ ప్రతిపాదించారు. నిబంధన పరిధిని విస్తరించడమే ఉద్దేశమని క్లుప్తంగా చెప్పారు. సభ ఒప్పుకుంది. ఈ రోజు 25వ అధికరణం రెండో క్లాజులోని ‘బి’ తెరిచి చూడండి, ‘అన్ని తరగతులకు, వర్గాలకు’ అనే ఉంటుంది.

పైకి చూస్తే ఇది వ్యాకరణం సరిదిద్దినట్టు అనిపిస్తుంది. పాత వాక్యం ప్రకారం ఒక ప్రభుత్వం ఒకానొక కులానికి మాత్రం ప్రవేశం కల్పించి, మిగిలినవారిని గుమ్మం బయటే ఉంచినా రాజ్యాంగాన్ని పాటించినట్టే అయ్యేది. మారిన వాక్యంలో ఆ సందు మూసుకుపోయింది. కాకినాడలో బాలికగా ఉన్నప్పుడే, 1921లో గాంధీజీ ఆ ఊరు వచ్చినప్పుడు, దేవదాసీ స్త్రీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను కూడగట్టి ఆయన ముందుకు తీసుకువచ్చిన వ్యక్తికి ‘ఏ వర్గమైనా’ అన్న మాటలోని లోపం కనిపించడంలో నాకు ఆశ్చర్యం లేదు.

రెండోది వయసు సంగతి. 1949 మేలో అంబేడ్కర్ గారు 68-ఏ అని ఒక కొత్త నిబంధన తెచ్చారు. పార్లమెంటు సభ్యత్వానికి అర్హతలు చెప్పే ఈ నిబంధనలో, నేడు మనం రాజ్యసభ అంటున్న ఎగువ సభకు కనీస వయసు 35 ఏళ్లుగా పెట్టారు. దాన్ని 30కి తగ్గించాలని దుర్గాబాయి గారు సవరణ తెచ్చారు. వయసు పెరిగితేనే వివేకం వస్తుందన్నది ఒకప్పటి నమ్మకమని, ఇప్పటి యువతీ యువకులు బాధ్యత ఎరిగినవారని, విద్య విస్తరిస్తున్న కొద్దీ వారిని వెలుపల ఉంచడం సరికాదని ఆమె వాదన సారాంశం. అప్పటికి ఆమె వయసు 39. సవరణ నెగ్గింది, నేటి 84వ అధికరణంలో 30 ఏళ్లే ఉంది. ముప్పైల్లో ఉండగా రాజ్యసభకు వెళ్లిన ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఆమెకు ఒక నమస్కారం బాకీ అని నేను సరదాగా అంటుంటాను.

గమనించండి, ఈ రెండింటిలో ఏదీ ‘మహిళల సమస్య’ అన్న పెట్టెలో పట్టదు.

జవాబు: ప్లీడరు గుమాస్తా

పై జవాబులోని మొదటి ఉదాహరణకు కోర్టు వైపు నుంచి కొంత చేర్చదలిచాను.

దక్షిణ కన్నడ జిల్లా మూల్కిలోని వేంకటరమణ ఆలయానికి సంబంధించిన దేవరు కేసు అని ఒకటి ఉంది. సుప్రీంకోర్టు తీర్పు 1957 నవంబరులో వచ్చింది. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం తమకు వర్తించదని, ఆలయం తమ గౌడ సారస్వత బ్రాహ్మణ శాఖకు చెందినదని, శాఖా వ్యవహారాలను తామే నిర్వహించుకునే హక్కు 26వ అధికరణం కింద తమకు ఉందని ధర్మకర్తలు వాదించారు. ఆలయం ఆ శాఖదేనని కోర్టు అంగీకరించింది. అంగీకరించి కూడా, 25వ అధికరణంలోని ఆ ‘బి’ ఉపనిబంధన ముందు శాఖ హక్కు తగ్గి ఉండాలని తేల్చింది. కొన్ని ప్రత్యేక క్రతువుల సమయంలో మాత్రం శాఖ వారికి పరిమితం చేసుకోవచ్చని, తక్కిన వేళల్లో సాధారణ దర్శనం అందరికీ ఉండాలని తీర్పు. 2018 నాటి శబరిమల తీర్పులోనూ ఇదే ఉపనిబంధన మీద న్యాయమూర్తులు పేజీల కొద్దీ రాశారు. అందులోని ‘తరగతులు, వర్గాలు’ అన్న మాటల్లోకి స్త్రీలు వస్తారా రారా అన్నది అక్కడి వాదనల్లో ఒకటి. రెండు నిమిషాల సవరణ డెబ్బై ఏళ్ల తరువాత కూడా కోర్టు హాల్లో చర్చకు వస్తూనే ఉంది.

అయితే పొగడ్తలతోనే పత్రం నింపకండి. ఆమె వాదించినవాటిలో కాలం పరీక్షకు నిలవనివి కూడా ఉన్నాయి. నా లెక్కలో వాటిలో మొదటిది గవర్నరు పదవి.

1947లో పరిషత్తు మొదట అనుకున్నది గవర్నరును వయోజన ఓటుతో ప్రజలే ఎన్నుకోవాలని. 1949 మే చివరికి అభిప్రాయం మారి, రాష్ట్రపతి నియమించే పద్ధతికి వచ్చారు. ఆ వెంటనే 143వ ముసాయిదా అధికరణం, అంటే నేటి 163, చర్చకు వచ్చింది. మంత్రిమండలి సలహాతో పనిచేసే గవర్నరుకు ‘విచక్షణ’ (సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం) అంటూ ప్రత్యేకంగా ఎందుకని హెచ్.వి. కామత్ గారు ఆ మాటలు తొలగించాలని సవరణ పెట్టారు. హృదయనాథ్ కుంజ్రూ గారు కూడా ఆ మాటల పట్ల అనుమానం వ్యక్తం చేశారు. దుర్గాబాయి గారు మాత్రం ముసాయిదాను సమర్థించారు. గవర్నరును పార్టీలకు, ముఠాలకు అతీతంగా ఉంచడమే నియామక పద్ధతి వెనక ఉన్న ఆలోచన అని, మంచి గవర్నరు రాష్ట్రంలో సామరస్యం తీసుకురాగలడని ఆమె నమ్మకం. కామత్ గారి సవరణ వీగిపోయింది.

ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలిచింది? మూడేళ్లు కూడా కాలేదు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ప్రకాశం పంతులు గారి నాయకత్వంలో ప్రతిపక్షాలు ఐక్యవేదిక కట్టి, తమకే బలం ఉందని చెప్పుకున్నాయి. గవర్నరు శ్రీప్రకాశ గారు, ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో దుర్గాబాయి గారు ఏ పంతులు గారి వెంట మద్రాసులో నడిచారో, విచక్షణ దెబ్బ మొదట తగిలింది ఆయనకే. ఇక 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ గారు ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం, నెల తిరగకుండా జనం ఆగ్రహం ముందు ఢిల్లీ దిగిరావడం తెలుగువారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

జవాబు: పాత గ్రంథాలయం

గుమాస్తా గారితో ఫలితం విషయంలో నాకు పేచీ లేదు గాని, ఆమెను అమాయకురాలి కింద జమకట్టడం ఒప్పుకోలేను. 1949 మధ్యలో కూర్చుని చూడండి. విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. హైదరాబాదులో సైనిక చర్య జరిగి ఏడాది కూడా కాలేదు. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతూనే ఉంది. ఎన్నికైన ముఖ్యమంత్రికి, ఎన్నికైన గవర్నరుకు మధ్య పోటీ అధికారం ఏర్పడితే రాష్ట్రం ఏమవుతుందన్న భయం ఆనాటి సభ్యుల్లో చాలామందికి ఉంది. నియామకం వైపు మొగ్గినవారిలో అంబేడ్కర్, నెహ్రూ, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గార్లు కూడా ఉన్నారు. తప్పు అనాలంటే ఆ తప్పు సభ మొత్తానిది.

అయితే ఒక మాట మీతో కలుస్తాను. ఆలయాల విషయంలో ‘ప్రభుత్వం మంచిదే అవుతుందిలే’ అని వదిలేయకుండా పదాన్ని బిగించిన ఆమె, గవర్నరు విషయంలో మాత్రం మనిషి మంచితనం మీద భారం వేశారు. ఈ తేడాను పత్రంలో ఒక ప్రశ్నగా పెట్టవచ్చు.

జవాబు: ఉప్పుటేరు

భాష చర్చను ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా మట్టుకు దుర్గాబాయి గారి ప్రసంగాలన్నింటిలో చదవదగినది అదే.

1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు పరిషత్తులో జరిగిన భాషా చర్చ మామూలుది కాదు. హిందీయా, హిందుస్తానీయా, ఇంగ్లీషు ఎన్నాళ్లు, అంకెలు దేవనాగరివా అంతర్జాతీయమా అని సభ చీలిపోయి ఉంది. దక్షిణాది సభ్యుల్లో హిందీని పూర్తిగా వ్యతిరేకించేవారు ఉన్నారు. దుర్గాబాయి గారిని ఆ గుంపులో చేర్చడానికి వీలు లేదు. ఆమె చిన్నప్పుడే హిందీ నేర్చుకుని, బాలికల కోసం హిందీ పాఠశాల నడిపి, గాంధీజీ హిందీ ప్రసంగాలను తెలుగులోకి చెప్పిన మనిషి. దక్షిణాదిలో హిందీ ప్రచారం అంటే జీతం లేని సేవగా భావించిన తరానికి చెందినది.

అందువల్లే ఆ రోజు ఆమె మాటకు ఒక బరువు వచ్చింది. జాతీయ భాష హిందుస్తానీ కావాలని, అంటే హిందీ, ఉర్దూ రెండూ కలిసినది కావాలని ఆమె స్పష్టంగా చెప్పారు. అక్కడితో ఆగలేదు. మేము తొలినాళ్లలో ఎంతో ఉత్సాహంతో హిందీ నేర్చుకున్నామని, హిందీ ప్రాంతాల వారు చేస్తున్న మితిమీరిన ప్రచారమే తనలాంటి సమర్థకులను కూడా దూరం చేస్తోందని నేరుగా వారి ముఖం మీదే చెప్పారు. పరాయివాడు తిడితే పట్టించుకోకుండా ఉండవచ్చు. ఇంట్లో మనిషి అంటే అలా ఉండలేము. హిందీ పక్షం బెంచీల మీద ఈ ప్రసంగం ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఓటులో ఏం జరిగిందో మీకు తెలుసు. దేవనాగరి లిపిలోని హిందీ కేంద్రప్రభుత్వ అధికార భాష అయింది, ఇంగ్లీషుకు 15 ఏళ్ల గడువు ఇచ్చారు, అంకెలు అంతర్జాతీయ రూపంలో నిలిచాయి. ఆమె కోరిన హిందుస్తానీకి 343వ అధికరణంలో చోటు దొరకలేదు. హిందీని పెంపొందించేటప్పుడు హిందుస్తానీ శైలిని కూడా గ్రహించాలన్న సూచనగా 351లో మాత్రం మిగిలింది. ఓడిన వాదం రాజ్యాంగంలో ఎక్కడో ఒక మూల నిలిచి ఉండటానికి ఇదొక నమూనా. 1965లో 15 ఏళ్ల గడువు ముగిసే వేళకు మద్రాసులో జరిగిన హిందీ వ్యతిరేక ఆందోళన తరువాత ఆమె 1949 ప్రసంగాన్ని మళ్లీ చదివితే, హెచ్చరిక ముందే ఉందని తెలుస్తుంది.

గౌతమీతీరం

ఇంత ఓపికగా రాసినందుకు పెద్దలందరికీ ధన్యవాదాలు. సంపుటాల్లో ‘జి. దుర్గాబాయి’ అని వెతికాను, నిజంగానే తలుపు తెరుచుకున్నట్టయింది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. సభలో ఆమెకు కేవలం సభ్యత్వమేనా, నిర్వహణలో కూడా పాత్ర ఉందా? ఇంత పట్టు ఉన్న వ్యక్తి 1952 తరువాత పార్లమెంటులో ఎందుకు కనిపించరు? అలాగే అక్కడ ఉన్న ఇతర మహిళా సభ్యులతో పోల్చి చూడాలంటే ఎవరిని తీసుకోవాలి?

జవాబు: ప్లీడరు గుమాస్తా

మొదటి ప్రశ్నకు: ఉంది. నియమావళి కమిటీలో, స్టీరింగ్ కమిటీలో ఆమె సభ్యురాలు. అధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా ఆమే. ఇవి పైకి కనపడని పనులు గాని, ఏ సవరణ ఎప్పుడు పిలవాలి, ఏది క్రమబద్ధం, ఏది కాదు అన్న మెలకువ అక్కడి నుంచే వస్తుంది. ఇంకొకటి మరిచిపోకండి: ఏడుగురు సభ్యుల ముసాయిదా కమిటీలో ఒక్క మహిళ కూడా లేరు. కాబట్టి ముసాయిదాలోని మాట మార్చాలంటే మహిళా సభ్యులకు ఉన్న దారి, సభలో నిలబడి సవరణ నెగ్గించుకోవడమే. ఆమె ఆ దారిని వాడుకున్నంతగా వాడుకున్నవారు తక్కువ.

పోలిక కోసం: పరిషత్తులో మొత్తం 15 మంది మహిళలు ఉన్నారు. మద్రాసు నుంచే అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్ గార్లు వచ్చారు. దాక్షాయణి గారు దళిత వర్గం నుంచి వచ్చిన ఏకైక మహిళా సభ్యురాలు. ప్రత్యేక నియోజకవర్గాల మీద, అస్పృశ్యత మీద ఆమె ప్రసంగాలు చదివి తీరాలి. బొంబాయి నుంచి హంసా మెహతా, బెంగాలు నుంచి రేణుకా రాయ్, సంయుక్త పరగణాల (నేటి ఉత్తరప్రదేశ్) నుంచి బేగం ఐజాజ్ రసూల్, పూర్ణిమా బెనర్జీ గార్లు ఉన్నారు. హంసా మెహతా గారిని తీసుకుంటే పోలిక బాగా కుదురుతుందని నా అభిప్రాయం. ఆమె సూత్రాల స్థాయిలో వాదిస్తారు, దుర్గాబాయి గారు పదాల స్థాయిలో వాదిస్తారు. ఇద్దరి ప్రసంగాలు పక్కపక్కన పెట్టుకుంటే ఈ తేడా మీకే తెలిసిపోతుంది.

జవాబు: మైలాపూరు మెట్లు

1952 గురించి నేను చెబుతాను. అందులో రహస్యం ఏమీ లేదు, తొలి సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఆ ఏడాది ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెసుకు గట్టి ఎదురుగాలి వీచింది. కోస్తా జిల్లాల్లో కమ్యూనిస్టులు, ఇతర ప్రతిపక్షాలు పెద్ద పెద్ద నాయకులనే పడగొట్టాయి. రాజ్యాంగం రాసిన సభకు ఆమె ప్రజల ఓటుతో నేరుగా వెళ్లలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1946లో రాష్ట్ర శాసనసభల సభ్యులు పరిషత్తు సభ్యులను ఎన్నుకున్నారు. 1950 జనవరి 26 నుంచి అదే సభ తాత్కాలిక పార్లమెంటుగా మారి 1952 దాకా నడిచింది. ప్రజల ముందుకు వెళ్లిన మొదటిసారే ఓటమి ఎదురైంది.

తాత్కాలిక పార్లమెంటు కాలాన్ని మీ పత్రంలో విడిచిపెట్టవద్దు. హిందువుల వివాహ, వారసత్వ న్యాయాన్ని సంస్కరించే హిందూ కోడ్ బిల్లు నలిగింది ఆ రోజుల్లోనే. ఆమె ఆ బిల్లును గట్టిగా సమర్థించినవారిలో ఒకరు. అప్పటి హిందూ న్యాయం ప్రకారం భర్త నుంచి వితంతువుకు వచ్చే ఆస్తి మీద ఆమెకు అనుభవించే హక్కు ఉండేదే గాని, ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే హక్కు ఉండేది కాదు. ఆమె కన్నుమూస్తే అది మళ్లీ భర్త వారసులకే పోయేది. కోర్టులో ఇలాంటి దావాలు ఎలా నడుస్తాయో చూసిన న్యాయవాదికి ఈ బిల్లు ఎందుకు అవసరమో ఒకరు చెప్పనక్కరలేదు. బిల్లు గట్టెక్కలేదు, 1951 సెప్టెంబరులో అంబేడ్కర్ గారు మంత్రిపదవికి రాజీనామా చేశారు. తరువాత 1955, 1956 సంవత్సరాల్లో ముక్కలుగా విడగొట్టి నాలుగు చట్టాలు చేసినప్పుడు ఆమె సభలో లేరు. 1956 వారసత్వ చట్టంలోని 14వ సెక్షను ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు అన్నది మాత్రం ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ చట్టంతోనూ, దేశమంతటా 2005తోనూ వచ్చింది.

ఓటమి తరువాత ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో మహిళా విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షత వహించారు. ఇదంతా పెద్ద పనే, కాదనను. కానీ నా బాధ ఒకటుంది. సభలో లేచి మంత్రిని నిలదీసే, బిల్లులో మాటను పట్టుకుని సరిచేసే నైపుణ్యం అక్కడ అక్కరకు రాదు. ఫైలు మీద అభిప్రాయం రాయవచ్చు, అంతే. ఆమె సంక్షేమ సేవను కీర్తించే మనవాళ్లు, పార్లమెంటు ఒక గట్టి సభ్యురాలిని పోగొట్టుకుందన్న సంగతిని తలచుకోరు. ఉప ఎన్నికలోనో, రాజ్యసభ ద్వారానో ఆమెను తిరిగి తెచ్చుకునే వీలు కాంగ్రెసుకు ఉండింది. ముప్పై ఏళ్లకే రాజ్యసభకు అర్హత సంపాదించి పెట్టిన మనిషిని ఆ సభలో కూర్చోబెట్టాలన్న ఆలోచన వారికి రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

జవాబు: ఉప్పుటేరు

మైలాపూరు వారి బాధలో న్యాయం ఉంది. కానీ చట్టం చేయించాలంటే సభలో ఉండి తీరాలా అన్న దానికి ఆమె జీవితంలోనే ఒక ఎదురు ఉదాహరణ ఉంది.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరు ఆమె చూశారు. భార్యాభర్తల తగవులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటివి సివిల్ కోర్టుల్లో ఆస్తి దావాల మధ్య ఏళ్ల తరబడి నలగకూడదని, వాటికి రాజీ ప్రధానంగా పనిచేసే ప్రత్యేక కోర్టులు కావాలని తిరిగి వచ్చాక న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతోనూ, నెహ్రూ గారితోనూ చర్చించారు. 1974లో న్యాయ సంఘం (లా కమిషన్) 59వ నివేదికలో కుటుంబ వివాదాలకు భిన్నమైన పద్ధతి అవసరమని చెప్పింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఆలోచనకు, చట్టానికి మధ్య ముప్పై ఏళ్లు పట్టాయి. ఆమె సభలో ఉండి ఉంటే ఇంత ఆలస్యం అయ్యేదా అని మైలాపూరు వారు నన్ను తిరిగి అడగవచ్చు, ఆ ప్రశ్నకు నా దగ్గర బదులు లేదు.

గౌతమీతీరం గారికి ఒక చిన్న సూచన. సెమినారు పత్రమే కాబట్టి అన్నీ పెట్టాలని చూడకండి. ఏడో సంపుటిలోని 19వ అధికరణం, ఎనిమిదిలోని 68-ఏ, 143, తొమ్మిదిలోని భాషా చర్చ, ఈ నాలుగింటినీ మూలంలో ఆసాంతం చదవండి. ఆమె ప్రసంగం ఒక్కటే చదివి ఆపవద్దు. ముందు మాట్లాడినవారు ఏమన్నారో, చివర అంబేడ్కర్ గారు ఏ సవరణను అంగీకరించారో, దేన్ని తోసిపుచ్చారో కూడా చూడండి. సంక్షేమ బోర్డు కథ వేరే పత్రానికి వదిలేయండి.